దీపం కొండెక్కిన రాత్రి: లైట్‌హౌస్‌ల చుట్టూ కథలెందుకు అల్లుకుంటాయి?

స్కాట్లండ్‌కు పడమట, అట్లాంటిక్ సముద్రంలో ఫ్లానన్ దీవులని ఒక చిన్న రాతి దీవుల గుంపు ఉంది. అక్కడి లైట్‌హౌస్‌లో పనిచేస్తున్న ముగ్గురు 1900 డిసెంబరులో కనిపించకుండా పోయారు. వారి శరీరాలు కూడా దొరకలేదు. ఆ ఉదంతం నేటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. బల్ల మీద ముట్టని భోజనం, వెల్లకిలా పడిన కుర్చీ, భయంతో మనుషులు ఏడ్చారని చెప్పే డైరీ రాతలు అందులో కనిపిస్తాయి. చదివిన ప్రతివారికీ ఒళ్లు జలదరిస్తుంది.

ముగ్గురూ మాయమైన మాట నిజం. భోజనం, కుర్చీ, ఏడుపు మాత్రం నిజం కావు. వాటిలో మొదటి రెండూ ఒక కవి ఊహ నుంచి వచ్చాయి. మూడోది ఒక పత్రిక సృష్టి. అయినా నూరేళ్లకు పైగా ఈ కల్పనే అసలు సంగతిగా చలామణీ అవుతోంది.

ఇది ఒక్క ఫ్లానన్‌కు పట్టిన గతి కాదు. సముద్రం మధ్య నిలిచిన ఈ కట్టడాలు రచయితలను ఎందుకు ఇంతగా లాగుతాయి? నిర్జన ప్రదేశం, అలలు, చీకట్లో వెలుగు అని జవాబు చెప్పేస్తుంటారు. ఆ జవాబు నాకు చాలదు. ఎడారిలోనూ ఒంటరితనం ఉంది, కొండ మీద గుడిలోనూ వెలుగు ఉంది. లైట్‌హౌస్‌లో ఉన్న ప్రత్యేకత ఏమిటో తెలియాలంటే ముందు అది ఎలా పనిచేసేదో తెలియాలి.

గుడి ముందున్న దీపస్తంభం, సముద్రం ముందున్న దీపస్తంభం

తెలుగులో దీపస్తంభమనే ఒకే మాట రెండింటికీ వాడతాం. గుడి ఆవరణలోని దీపస్తంభం భక్తుణ్ణి దగ్గరికి రమ్మంటుంది. సముద్రపు దీపస్తంభం చాలాసార్లు ఇటు రావద్దంటుంది. నీటి అడుగున రాళ్లున్నాయని, ఒడ్డు దగ్గరపడిందని హెచ్చరిస్తుంది. అది ఎవరి కోసం వెలుగుతుందో వారు దాని దగ్గరికి ఎన్నడూ రారు. ఈ వ్యాసంలో గందరగోళం లేకుండా లైట్‌హౌస్ అనే అందాం. వాడుకలో ఉన్న మాట కూడా అదే.

ప్రతి లైట్‌హౌస్‌కూ తనదైన వెలుగు తీరు ఉంటుంది. ఒకటి పది సెకన్లకోసారి మెరిస్తే, ఇంకొకటి వరుసగా మూడుసార్లు మెరిసి ఆగుతుంది. ఫ్లానన్ దీపం తీరు అర నిమిషానికోసారి వెంటవెంటనే రెండు మెరుపులు. చీకట్లో ఓడ నడిపేవారు ఆ మెరుపులు లెక్కపెట్టి, పటంతో సరిపోల్చుకుని, తామెక్కడున్నారో తెలుసుకుంటారు. అంటే దీపం చెప్పే మాట ఒక్కటే. నేను ఫలానా, ఇక్కడున్నాను.

ఆ ఒక్క మాట రాత్రంతా తప్పకుండా చెప్పించడానికి మనుషులు కావలసివచ్చేది. వారిని కీపర్లు అనేవారు. దీపానికి నూనె పోయాలి, వత్తి కత్తిరించాలి, మసిబారిన అద్దాలు తుడవాలి. దీపం చుట్టూ ఉండే పెద్ద గాజు కటకం తిరిగితేనే దూరానికి మెరుపు కనిపిస్తుంది. దాన్ని తిప్పే యంత్రం పాతకాలపు గోడ గడియారంలా బరువు కిందికి దిగుతుంటే నడుస్తుంది. ఆ బరువును మళ్లీ మళ్లీ పైకి చుట్టాలి. అందుకని కీపర్లు వంతులవారీగా మేలుకునేవారు. వాతావరణం, గాలి, దీపం వెలిగించిన వేళ, ఆర్పిన వేళ లాగ్ అనే పుస్తకంలో రాసేవారు. కొన్ని వారాలకోసారి ఓడ వచ్చి సామాన్లు దించి, ఒకరిని ఇంటికి తీసుకుపోయి, ఇంకొకరిని దింపేది. తుఫాను ఉంటే ఓడ రాదు. అప్పుడు నిరీక్షణే.

ఇందులో రెండు కట్టుబాట్లు గట్టివి. దీపం ఆరకూడదు. దాన్ని విడిచి అందరూ కదలకూడదు. మన ఇళ్లలో దీపం ఆరిపోయిందని నోటితో అనలేక ‘కొండెక్కింది’ అంటాం. మనకది ఆచారం. కీపరుకది ఉద్యోగం. ఆరితే ఎక్కడో ఎవరో మునిగిపోవచ్చు.

వెలుగుతున్న దీపం చెప్పని సంగతి

దీపానికి ఒక్క మాటే వచ్చునన్నాను. కథలన్నీ పుట్టేది ఆ పరిమితి నుంచేనని నా అభిప్రాయం. వేల్స్ తీరానికి దూరంగా ఉన్న స్మాల్స్ అనే రాతిగుట్ట మీద 1801 ప్రాంతంలో జరిగినది చూస్తే ఆ సంగతి తేలికగా అర్థమవుతుంది.

అక్కడి లైట్‌హౌస్ అప్పట్లో కొయ్య స్తంభాల మీద నిలబెట్టిన చిన్న గది. అందులో ఇద్దరే కీపర్లు, థామస్ హొవెల్, థామస్ గ్రిఫిత్. ఇద్దరికీ పడదని ఒడ్డున అందరికీ తెలుసు. ఉన్నట్టుండి గ్రిఫిత్ చనిపోయాడు. శవాన్ని సముద్రంలో వదిలితే, తానే చంపి మాయం చేశాడని అంటారని హొవెల్ భయపడ్డాడు. ఉన్న చెక్కలతో పెట్టె చేసి, శవాన్ని అందులో ఉంచి బయట కమ్మీలకు కట్టాడు. తుఫానులు ఆగలేదు. వారాల తరబడి ఓడ రాలేదు. అలల దెబ్బకు పెట్టె విరిగి, శవం చెయ్యి బయటికి వేలాడి, గాలికి పిలుస్తున్నట్టు ఊగేదని అంటారు. ఈ చివరి ముక్కను తర్వాతి కాలం చేర్చిందేమో. చెప్పేవారిని బట్టి అది మారుతుంటుంది.

ఇక్కడ అసలు కీలకం శవం చెయ్యి కాదు. అన్ని రోజులూ హొవెల్ దీపం ఆరనివ్వలేదు. దూరం నుంచి చూసేవారికి వేళకు వెలుగుతున్న దీపం కనిపిస్తోంది కాబట్టి లోపల అంతా క్షేమమే అనుకున్నారు. తన పని తాను సరిగ్గా చేయడమే అతన్ని రక్షించకుండా చేసింది. దీపం కింద చీకటి అని మనం సామెతగా అనే మాట ఇక్కడ అక్షరాలా జరిగింది.

వాడిపోయి ఒడ్డుకు చేరిన హొవెల్‌ను స్నేహితులు కూడా గుర్తుపట్టలేకపోయారని చెబుతారు. ఆ తర్వాత బ్రిటన్‌లో సముద్రం మధ్య ఉన్న లైట్‌హౌస్‌లకు ముగ్గురు కీపర్లను పెట్టడం రివాజైంది. ఒకరు పోయినా ఇద్దరు మిగలాలి. ఒకరు బయటికి వెళ్లినా దీపం దగ్గర మనిషి ఉండాలి. ఫ్లానన్‌లో ముగ్గురు ఉండడానికీ, ముగ్గురూ మాయమవడం అంతగా కలవరపెట్టడానికీ ఈ నేపథ్యం ఉంది.

డిసెంబరు 15 నుంచి 26 వరకు ఫ్లానన్‌లో

లూయిస్ ద్వీపానికి పడమట సుమారు 20 మైళ్ల దూరంలో ఐలన్ మోర్ అనే దీవి మీద 1899 డిసెంబరు 7న కొత్త దీపం వెలిగింది. సరిగ్గా ఏడాది తర్వాత అక్కడ ఉన్నవారు జేమ్స్ డ్యూకాట్, థామస్ మార్షల్, డొనాల్డ్ మెకార్థర్. మెకార్థర్ శాశ్వత ఉద్యోగి కాదు. జబ్బుపడిన ఒక కీపరు బదులు వచ్చినవాడు.

డిసెంబరు 15 రాత్రి ఆ దారిన వెళ్లిన ఆర్క్‌టర్ అనే ఓడలోనివారికి దీపం కనిపించలేదు. ఆ కబురు లైట్‌హౌస్ శాఖకు వెంటనే అందలేదు. లూయిస్ తీరం నుంచి దీపాన్ని గమనించడానికి ఒక మనిషి ఉన్నా, పొగమంచులో అది కనిపించకపోవడం మామూలే కాబట్టి కంగారుపడలేదు. 20న రావలసిన హెస్పరస్ ఓడ వాతావరణం బాగాలేక 26న వచ్చింది. రేవు దగ్గర ఎవరూ ఎదురురాలేదు. ఓడ కూత పెట్టినా బదులు లేదు. జోసెఫ్ మూర్ అనే కీపరును ఒడ్డున దింపారు. పైకి వెళ్లి చూస్తే తలుపులు మూసివున్నాయి. పొయ్యి ఎప్పుడో చల్లారింది. గడియారం ఆగిపోయింది. మనుషులు లేరు.

వంటింటి గిన్నెలన్నీ శుభ్రంగా తోమిపెట్టి ఉన్నాయని, అంటే మధ్యాహ్న భోజనం ముగించాకే వెళ్లి ఉండాలని మూర్ రాశాడు. లాగ్ పుస్తకంలో 13వ తేదీ వరకు వివరాలున్నాయి. 15 ఉదయం 9 గంటల వరకు వాతావరణ వివరాలు పుస్తకంలోకి ఎక్కించడానికి పలక మీద రాసి ఉన్నాయి. డ్యూకాట్, మార్షల్ తమ వాన కోట్లు, బూట్లు వేసుకుని వెళ్లారు. మెకార్థర్ కోటు మాత్రం కొక్కేనికే ఉంది.

పర్యవేక్షకుడు రాబర్ట్ మ్యూర్‌హెడ్ వచ్చి దీవి అంతా చూశారు. పడమటి రేవు దగ్గర, సముద్రానికి 110 అడుగుల ఎత్తున తాళ్లు దాచే పెట్టె కొట్టుకుపోయి ఉంది. ఇనుప కమ్మీలు వంగిపోయాయి. టన్నుకు పైబడిన ఒక రాయి చోటు మారింది. 200 అడుగుల ఎత్తున, కొండ అంచున గడ్డి పెల్లలుగా లేచిపోయింది. 15వ తేదీ మధ్యాహ్నం పెట్టెను, తాళ్లను భద్రపరచడానికి రేవుకు దిగినవారిని ఊహించని పెద్ద అల లాక్కుపోయిందని ఆయన తేల్చారు.

తేలనిది ఒక్కటే. మూడో మనిషి నియమం మీరి, చలికాలంలో కోటు కూడా వేసుకోకుండా ఎందుకు పరుగెత్తాడు? పైనుంచి పెద్ద అలలు వస్తుండడం చూసి కిందివారిని హెచ్చరించడానికి వెళ్లాడన్నది ఒక వాదన. ఒకరు నీళ్లలో పడితే రెండో మనిషి సాయానికి పిలిచాడన్నది ఇంకొకటి. ముగ్గురి మధ్య గొడవ జరిగిందని ఊహించినవారూ ఉన్నారు. ఆ మూడో వాదనకు ఆనవాలేమీ దొరకలేదు. విరిగిన సామాను లేదు, రక్తపు మరక లేదు. మొదటి రెండింటికి కొక్కేనికి వేలాడుతున్న ఆ కోటు ఆధారం. తోటివారి కోసం ఉన్నపళంగా పరుగెత్తిన మనిషిగానే నాకు మెకార్థర్ కనిపిస్తాడు.

భోజనాల బల్ల ఎవరు పరిచారు?

ఇంగ్లీషు కవి విల్‌ఫ్రిడ్ గిబ్సన్ 1912లో ఈ ఘటన మీద ఒక గేయకథ ప్రచురించాడు. వెతకడానికి వెళ్లిన ముగ్గురిలో ఒకరు చెబుతున్నట్టుగా అది సాగుతుంది. మాంసం, జున్ను, రొట్టె వడ్డించి ఉన్న బల్ల, ఎవరూ ముట్టని ఆహారం, నేల మీద ఒరిగిన కుర్చీ అందులోవే. దీవి మీద మూడు వింత నల్లపక్షులు కూడా కనిపిస్తాయి, పోయిన ముగ్గురే అలా మారారా అన్నట్టు.

కవిగా ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఎందుకు చేశాడో కూడా అర్థమవుతుంది. తోమిపెట్టిన గిన్నెలు ‘పని ముగించుకుని వెళ్లారు’ అని చెబుతాయి. ముట్టని భోజనం ‘మధ్యలో ఏదో జరిగింది’ అంటుంది. ఒరిగిన కుర్చీ ‘ఒక్కసారిగా లేచారు’ అంటుంది. రెండే వస్తువులతో పాఠకుడి కళ్ల ముందు ఒక క్షణం కట్టేశాడు. చిక్కల్లా తర్వాత వచ్చింది. ఆ గేయం బాగా ప్రచారం పొందడంతో దాన్ని చదివినవారు ఆ బల్లను సాక్ష్యంగా చెప్పడం మొదలుపెట్టారు.

డైరీ సంగతి వేరు. అది గేయకథ కాదు, నిజం పేరుతో చెలామణీ చేసిన నకలు. భయంకరమైన తుఫాను, మౌనంగా మారిన డ్యూకాట్, ఏడుస్తున్న మెకార్థర్, ముగ్గురి ప్రార్థనలు అంటూ లాగ్ పుస్తకంలో మార్షల్ రాసినట్టు చెప్పే వాక్యాలు 1929లో ఒక అమెరికా పత్రికలో కనిపించాయి. మ్యూర్‌హెడ్ నివేదికలో అలాంటివేమీ లేవు. పైగా లాగ్ అనేది శాఖ అధికారులు తనిఖీ చేసే పుస్తకం. పై అధికారి అయిన డ్యూకాట్ గురించి అతని కింద పనిచేసేవాడు అందులో ‘చిరాకుగా ఉన్నాడు’ అని రాస్తాడని నమ్మడం కష్టం.

అసలు వాస్తవాలే ఇంత ఉత్కంఠగా ఉన్నప్పుడు కల్పన ఎందుకు అవసరమైంది? దీపం ఆరిందన్న ఒక్క మాట తప్ప బయటివారికి ఏమీ అందలేదు. స్మాల్స్‌లో వెలిగిన దీపం లోపలి ఘోరాన్ని దాచింది. ఫ్లానన్‌లో ఆరిన దీపం ఏదో జరిగిందని మాత్రమే చెప్పి ఊరుకుంది. లోపల ఏం జరిగిందో తెలియని ఆ ఖాళీలో గిబ్సన్ బల్ల పరిచాడు, పత్రిక డైరీ పెట్టింది.

ఒక్క రాత్రి దీపం మరిచిన ముసలివాడు

ఆ ఖాళీని అద్భుతంగా వాడుకున్న కథ పోలెండ్ రచయిత హెన్రిక్ షెన్‌క్యేవిచ్ 1881లో రాసినది. ఆయనకు తర్వాత 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. కథ పనామా తీరంలోని ఆస్పిన్‌వాల్ అనే రేవులో జరుగుతుంది. ఇప్పుడు ఆ ఊరి పేరు కోలోన్. స్కవీన్‌స్కి అనే ముసలివాడు దేశం విడిచి, యుద్ధాల్లో, ఉద్యోగాల్లో ఎక్కడా నిలదొక్కుకోలేక ప్రపంచమంతా తిరిగి అలసిపోయాడు. లైట్‌హౌస్‌లో కొలువు దొరుకుతుంది. ఇక కదలనక్కర్లేదన్న ఆనందంతో రోజూ వేళకు దీపం వెలిగిస్తూ ప్రశాంతంగా గడుపుతాడు.

ఒకరోజు అతనికి ఒక పొట్లం వస్తుంది. లోపల తన భాషలో ఉన్న పుస్తకాలు. అందులో ఒకటి పోలెండ్ మహాకవి మిత్స్కియేవిచ్ కావ్యం. దశాబ్దాలుగా వినని మాటలు. గొంతెత్తి చదువుతాడు, ఏడుస్తాడు, కల కంటాడు. తెల్లవారాక తట్టి లేపుతారు. రాత్రి దీపం వెలగలేదు. ఒక పడవ ఇసుక దిబ్బకు తగిలింది, అదృష్టవశాత్తు ఎవరూ చావలేదు. ఉద్యోగం పోయింది. ఆ పుస్తకాన్ని గుండెలకు అదుముకుని ముసలివాడు మళ్లీ దారి పడతాడు.

ఇదే మనిషిని ఒక తోటమాలిగానో, గుమాస్తాగానో ఊహించండి. పుస్తకం చదువుతూ ఒక సాయంత్రం పని మరిచాడు. మర్నాడు చేసుకుంటాడు, కథ అక్కడితో సరి. లైట్‌హౌస్‌లో ఒక్క రాత్రి మరిచినా క్షమాపణ లేదు. మాతృభాష మీది ప్రేమ ఎంత బలమైనదో చెప్పడానికి రచయితకు ఉపన్యాసం అక్కర్లేకపోయింది. ‘దీపం వెలగలేదు’ అన్న రెండు మాటలే సరిపోయాయి. దేశం కాని దేశంలో ఏళ్లు గడిపి, అనుకోకుండా చేతికందిన తెలుగు పుస్తకాన్ని తెరిచినవారికి ఈ కథ గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఎడ్గార్ ఎలన్ పో 1849లో చనిపోయినప్పుడు ఆయన కాగితాల్లో ఒక లైట్‌హౌస్ కథ మొదలుపెట్టి వదిలేసినది దొరికింది. డైరీ రూపంలో ఉంటుంది. ఆ కీపరు ఏకాంతం కోరి వచ్చినవాడు, పుస్తకం రాసుకోవాలన్నది అతని కోరిక. తోడుగా ఒక కుక్క. మూడో రోజు కట్టడం ఎంత గట్టిదో రాసుకుంటాడు. ఆ వెంటనే, పునాది కింద ఉన్నది సుద్దరాయిలా తోస్తోందని ఒక వాక్యం రాస్తాడు. ఆ తర్వాత జనవరి 4 అని తేదీ ఉంటుంది. కింద ఏమీ లేదు. పో ఆ కథను ఎటు తీసుకెళ్లేవాడో గాని, ఆ ఖాళీ తేదీ మాత్రం ఏ ముగింపుకూ తీసిపోదు. లాగ్ పుస్తకం ఆగిపోవడమే లైట్‌హౌస్ కథల్లో అన్నిటికన్నా పెద్ద భయం.

జూల్ వెర్న్ దారి వేరు. ఆయన మరణించిన ఏడాది, 1905లో వెలువడిన నవలలో అర్జెంటీనా దక్షిణ కొసన ఒక దీవి మీద ముగ్గురు కీపర్లు, వారిలో ఇద్దరిని చంపే దొంగలు, మిగిలిన ఒక్కడి పోరాటం కనిపిస్తాయి. దొంగలకు దీపం ఆరాలి, అతనికి వెలగాలి. పందెం ఏమిటో పాఠకుడికి మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది. ఆ దీవి మీద 1884లో వెలిగిన అసలు లైట్‌హౌస్ మాత్రం నవలలోలా ఎత్తైన గోపురం కాదు, పొట్టిగా ఉండే కొయ్య కట్టడం.

గుర్తా, గోపురమా? వర్జీనియా వుల్ఫ్ ఇచ్చిన జవాబు

లైట్‌హౌస్ అనగానే సాహిత్య విద్యార్థులు ‘ప్రతీక’ అంటారు. ఒక వస్తువు తాను కాని ఇంకొకదాన్ని సూచిస్తే దాన్ని ప్రతీక అంటాం. ఆశ, సత్యం, తల్లి, మరణం, అందని కోరిక, ఇలా ఎన్నో అర్థాలు దీనికి అంటగట్టారు. అన్నిటికన్నా ఎక్కువగా ఈ చర్చ 1927లో వచ్చిన వర్జీనియా వుల్ఫ్ నవల ‘టు ద లైట్‌హౌస్’ చుట్టూ సాగింది.

నవల స్కాట్లండ్‌లోని స్కై ద్వీపంలో నడుస్తుంది. వుల్ఫ్ మనసులో ఉన్నది మాత్రం ఇంగ్లండ్ నైరుతి కొసన సెయింట్ ఐవ్స్ ఊరి ఎదుట ఉన్న గోడ్రెవీ లైట్‌హౌస్. చిన్నతనంలో ఆమె కుటుంబం వేసవులు అక్కడే గడిపేది. పిల్లలు ఇంట్లో నడిపిన చేతిరాత పత్రికలో 1892లో ఒక వార్త ఉంది. లైట్‌హౌస్‌కు పడవలో వెళ్లే అవకాశం వచ్చినా తమ్ముడు ఏడ్రియన్‌ను పంపలేదని, అతను చాలా నిరాశపడ్డాడని. నవల మొదలయ్యేది కూడా ఆ నిరాశతోనే. రేపు వాతావరణం బాగుంటే వెళ్దామని తల్లి అంటుంది, బాగుండదని తండ్రి అంటాడు. పిల్లవాడు జేమ్స్ పదేళ్ల తర్వాత గాని వెళ్లలేడు. అప్పటికి తల్లి లేదు.

మిత్రుడు రోజర్ ఫ్రైకి రాసిన ఉత్తరంలో వుల్ఫ్, లైట్‌హౌస్‌తో తాను ఏమీ సూచించదలచలేదని చెప్పింది. పుస్తకం మధ్యగా ఒక గీత ఉంటే తప్ప అల్లిక నిలవదని, అందుకే అది పెట్టానని, అందులో ఎవరి భావాలు వారు దాచుకుంటారని నమ్మానని ఆమె మాటల సారాంశం.

ప్రతీక వాదులు దీన్ని ఒప్పుకోరు. రచయిత ఉద్దేశం ఏదైనా, పుస్తకంలో ఉన్నదాన్ని పాఠకుడు చదువుకునే హక్కు ఉందంటారు. అది న్యాయమే. ఎదుటి పక్షం, గోపురాన్ని గోపురంగా చూడకుండా అర్థాల కోసం తవ్వితే నవల ఎండిపోతుందంటుంది. అదీ న్యాయమే. నాకు ఈ వాదం తేలేది నవలలోని ఒక సన్నివేశంలోనే. పడవ దగ్గరపడేసరికి జేమ్స్‌కు నలుపు తెలుపు చారలతో నిటారుగా నిలిచిన కట్టడం కనిపిస్తుంది. కిటికీలు కనిపిస్తాయి, ఆరేసిన బట్టలు కూడా కనిపిస్తాయి. చిన్నప్పుడు దూరం నుంచి చూసిన వెండి వెలుగు ఎక్కడ, ఇదెక్కడ? అదీ లైట్‌హౌసే, ఇదీ లైట్‌హౌసే అనుకుంటాడు. రాళ్లపై ఆరేసిన ఆ బట్టలు అక్కడ లేకపోతే వెండి వెలుగుకు బరువు వచ్చేది కాదు. దూరం నుంచి ఒక్క మాట చెప్పే దీపం, లోపల మనుషులు బట్టలుతుక్కుంటూ బతికే ఇల్లు. ఆ రెంటి మధ్య ఉన్న నీళ్ల మీదే వుల్ఫ్ నవల రాసింది.

మతి చలించిన కీపరు ఎంత నిజం?

సినిమాల్లో, కథల్లో కీపరు తరచుగా పిచ్చివాడవుతాడు. దీనికి ఈమధ్య ఒక శాస్త్రీయ వివరణ తోడైంది. 1890ల నుంచి టన్నుల బరువుండే కటకాలు తేలికగా తిరగడానికి వాటిని పాదరసం నింపిన తొట్టిలో తేలేలా అమర్చారు. పాదరసంలో దుమ్ము చేరితే కీపర్లే తోలుగుడ్డతో వడగట్టేవారు. పాదరసపు ఆవిరి నరాలను దెబ్బతీస్తుందనడంలో సందేహం లేదు. కాబట్టి కీపర్ల మతిభ్రమణానికి కారణం ఒంటరితనం కాదు, పాదరసమని కొందరి వాదన. కొన్ని చోట్ల అది నిజమై ఉండవచ్చు. స్మాల్స్‌కు మాత్రం వర్తించదు, హొవెల్ కాలానికి ఆ తొట్టెలు లేనే లేవు. ఇంకా ముఖ్యంగా, కీపర్లలో ఎక్కువమంది ఏళ్ల తరబడి ఈ పని చేసి, పింఛను తీసుకుని మామూలుగా బతికారు. వారి గురించి ఎవరూ కథ రాయలేదు, అంతే.

అందరూ ఒంటరివారు కూడా కారు. ఫ్రాన్స్ కీపర్లు తమ కొలువులను మూడుగా చెప్పుకునేవారు. ఒడ్డున ఉన్నవి స్వర్గం, దీవుల మీదివి మధ్యలోకం, నట్టనడి సముద్రంలో రాయి మీద నిలిచినవి నరకం. నరకాల్లోకెల్లా నరకం ఆర్‌మెన్. అలలు తగ్గితేనే రాయి మీద కాలు పెట్టగలిగేవారు కాబట్టి 1867లో పని మొదలైన మొదటి ఏడాది మొత్తం మీద ఎనిమిది గంటల పనే జరిగింది. దీపం వెలగడానికి 1881 వరకు పట్టింది. స్వర్గాల్లో మాత్రం భార్యాపిల్లలు, కూరగాయల మళ్లు, కోళ్లు అన్నీ ఉండేవి. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లాంగ్‌స్టోన్ దీవి మీద కూడా కీపరు కుటుంబంతో ఉండేవాడు. 1838 సెప్టెంబరు 7న ఫార్ఫార్‌షైర్ అనే ఓడ బద్దలైనప్పుడు ఆ కీపరు కూతురు గ్రేస్ డార్లింగ్ తండ్రితో కలిసి తెడ్డు వేసి బతికి ఉన్నవారిని కాపాడింది. ఆమెకు 22 ఏళ్లు. అది కూడా లైట్‌హౌస్ కథే, పిచ్చి ఊసు లేనిది. చీకటి కథలంత ఎక్కువగా ఇలాంటివి రావడం లేదని నాకు విచారం.

ఇంకొక సంగతి. కొన్ని వాస్తవాలను కథలో పెడితే నమ్మరు. ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదుట సముద్రంలో ఉన్న ఎడ్డీస్టోన్ రాతి మీది రెండో లైట్‌హౌస్ కొయ్యది. 1755 డిసెంబరులో అది తగలబడినప్పుడు కీపరు హెన్రీ హాల్ వయసు 94 అని చెబుతారు. పైకి చూస్తూ నీళ్లు చల్లుతుంటే కప్పు నుంచి కరిగిన సీసం నోట్లో పడిందని, తాను మింగానని అతను చెప్పినా వైద్యులు నమ్మలేదు. పన్నెండు రోజులకు చనిపోయాక కడుపులో సీసపు ముద్ద దొరికింది. అది ఇప్పుడు ఎడిన్‌బరో మ్యూజియంలో ఉంది.

కట్టేవారి ఇంట పుట్టిన కథకుడు

ఫ్లానన్ దీపాన్ని రూపొందించిన డేవిడ్ స్టీవెన్‌సన్‌ది స్కాట్లండ్ తీరమంతటా లైట్‌హౌస్‌లు కట్టిన కుటుంబం. 1811లో వెలిగిన బెల్ రాక్ వారి తాత రాబర్ట్ కట్టినదే. అదే ఇంట్లో పుట్టినవాడు నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్. ఆయనా ఇంజనీరు కావలసినవాడే. ఆగి ఆగి మెరిసే దీపం కొత్త తీరు మీద రాసిన పత్రానికి 1871లో పతకం కూడా వచ్చింది. ఆ ఏడాదే తనకీ వృత్తి వద్దని తండ్రికి చెప్పేశాడు.

అయితే ఆ శిక్షణ ఎక్కడికీ పోలేదు. 1870లో డూ హార్టాక్ లైట్‌హౌస్ కడుతున్నప్పుడు ఆయన కొన్నాళ్లు ఎరైడ్ దీవిలో ఉన్నాడు. తర్వాత ‘కిడ్‌నాప్డ్’ నవలలో కథానాయకుడు ఓడ మునిగి చిక్కుకునేది సరిగ్గా ఆ దీవిలోనే. ఏ రాయి పోటులో మునుగుతుందో, ఏది పాటులో తేలుతుందో తెలిసినవాడు రాసిన పేజీలవి. చిత్రమేమిటంటే, తీరం పొడవునా తన వాళ్లు కట్టిన దీపాలు ఉన్నా ఆయన పేరుపొందిన నవలలేవీ లైట్‌హౌస్ చుట్టూ తిరగవు. లోపలి సంగతి పూర్తిగా తెలిసినవారికి అందులో ఊహించడానికి ఖాళీ కనిపించదేమో.

మనుషులు దిగిపోయాక

ఫ్లానన్ 1971లో యంత్రాల పరమైంది. బ్రిటన్‌లో చివరి కీపర్లు 1998 నవంబరులో నార్త్ ఫోర్లాండ్ నుంచి దిగిపోయారు. ఓడలకు ఇప్పుడు ఉపగ్రహాలు దారి చూపుతున్నాయి. అందుకే ఈ ఆకర్షణంతా పోయినదాని మీద బెంగ మాత్రమేనని కొందరు విమర్శకులు అంటారు. వారి వాదంలో కొంత బలముంది. అయితే పో, షెన్‌క్యేవిచ్, వెర్న్ రాసిన నాటికి కీపర్లు వేల సంఖ్యలో పనిలోనే ఉన్నారు. బెంగ తర్వాత కలిసింది, మొదటి నుంచీ ఉన్నది కాదు.

మన దేశంలో సుమారు 200 లైట్‌హౌస్‌లున్నాయి. వుల్ఫ్ నవల వెలువడిన 1927లోనే ఇక్కడ లైట్‌హౌస్‌ల చట్టం వచ్చింది, 2021లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. 2024 ఫిబ్రవరిలో 75 లైట్‌హౌస్‌లను పర్యాటకుల కోసం తీర్చిదిద్దినట్టు కేంద్రం ప్రకటించింది. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద, భీమునిపట్నంలో, కాకినాడ దగ్గర వాకలపూడిలో, అంతర్వేదిలో లైట్‌హౌస్‌లను చూసినవారు మనలో ఎందరో. ఇంత పొడవైన తీరం ఉన్న మన భాషలో ఆ గోపురాల్లో రాత్రిళ్లు గడిపిన కుటుంబాల మీద, వాటిని గుర్తుపట్టి వలలు వేసుకుని ఇల్లు చేరిన మత్స్యకారుల మీద కథలు విరివిగా రావాలని నా కోరిక. అవి స్కాట్లండ్ కథల్లా పొగమంచుతో, ఉన్మాదంతో ఉండనక్కర్లేదు. మన తుఫానులు వేరు, మన చీకట్లు వేరు. రాయదలచినవారు మెట్లెక్కి పైకి వెళ్లినప్పుడు సముద్రాన్ని మాత్రమే చూసి దిగిరాకుండా, అక్కడ పనిచేసినవారు లాగ్ పుస్తకంలో ఏమేం రాసేవారో అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

ఎందుకంటే ఫ్లానన్‌లో నన్ను ఇప్పటికీ వెంటాడేది గిబ్సన్ పరిచిన బల్ల కాదు. మూర్ పైకి ఎక్కి దీపం గది చూసినప్పుడు అక్కడ అన్నీ సక్రమంగా ఉన్నాయి. 15వ తేదీ ఉదయపు పని ఎవరో పూర్తిచేసి వెళ్లారు. దీపం తుడిచి ఉంది, నూనె నింపి ఉంది. సాయంత్రం అగ్గిపుల్ల గీయడమే తరువాయి. పదకొండు రాత్రుల తర్వాత, డిసెంబరు 26న, మూర్, ఓడలోంచి దిగిన మరో ముగ్గురు కలిసి దాన్ని వెలిగించారు. అర నిమిషానికోసారి రెండు మెరుపులు.